చవక కారుతో పందెపు బాట వేసిన తెలుగు బిడ్డ కరివర్ధన్

తడ దాటి, ఆరంబాక్కం మీదుగా మద్రాసు వైపు సాగే పాత కలకత్తా రహదారి మన సరిహద్దు గ్రామాల వారికి కొత్తది కాదు. పంట అమ్ముకోవడానికో, పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికో, పెళ్ళి బట్టలు కొనడానికో ఈ దారిన ప్రయాణించిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గుమ్మిడిపూండి దాటిన తరువాత, నగరం ఇంకా కొంత దూరముందనగా షోలవరం వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం నిర్మించిన రన్‌వే ఒకటి అక్కడ ఉండేది. యుద్ధం ముగిసి విమానాలు వెళ్ళిపోయిన తరువాత ఆ కాంక్రీటు నేల మీద కార్లు, మోటారు సైకిళ్ళు పందెం కట్టి పరుగులు తీశాయి. దక్షిణ భారతదేశంలో మోటారు పందేలకు ఊపిరి పోసిన స్థలం అదే. దాదాపు మూడున్నర దశాబ్దాల పాటు ఏటేటా వేలాది జనం ఆ పందేలు చూడడానికి తరలివచ్చేవారు.

ఆ మైదానంలో తెలుగింటి బిడ్డలు కూడా పోటీ పడ్డారని మనలో చాలామందికి తెలియదు. వారిలో అగ్రగణ్యుడు సుందరం కరివర్ధన్. మిత్రులు, అభిమానులు ఆయనను ముద్దుగా కరి అని పిలిచేవారు. ఆయన జీవించింది 41 సంవత్సరాలు మాత్రమే. ఆ స్వల్పకాలంలోనే, సంస్థానాధీశులకు, కోటీశ్వరులకు పరిమితమైన కారు పందేన్ని సామాన్యులకు కొంతైనా చేరువ చేయడానికి ఆయన పాటుపడ్డారు.

పత్తి వెంట వలసలు

కరివర్ధన్ 1954 ఫిబ్రవరి 20న తమిళనాడులోని కోయంబత్తూరులో జన్మించారు. ఆయనది లక్ష్మీ మిల్స్ కుటుంబం. ఆ మిల్లును 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించారు. విజయనగర సామ్రాజ్య కాలం మొదలుకొని తెలుగు నేల నుండి దక్షిణానికి తరలి, కొంగునాట నల్లరేగడి భూములలో పత్తి పండిస్తూ స్థిరపడిన కుటుంబాలలో వారిదొకటి. ఈ కుటుంబాలు వీధిలో తమిళం, ఇంట తెలుగు మాట్లాడుతూ తరాలు గడిపాయి. పత్తి పండించినవారే కాలక్రమంలో పత్తి వ్యాపారులయ్యారు, వ్యాపారులే నూలు మిల్లుల యజమానులయ్యారు. మిల్లులకు కావలసిన యంత్రాల తయారీ కోసం ఈ కుటుంబమే 1962లో స్విట్జర్లాండుకు చెందిన రీటర్ సంస్థ సహకారంతో లక్ష్మీ మెషిన్ వర్క్స్‌ను నెలకొల్పింది.

పత్తి వెంట తెలుగువారు పోయిన దిక్కు అదొక్కటే కాదు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుండి కామాఠీలు రాళ్ళు మోయడానికి, కట్టడాలు లేపడానికి బొంబాయి చేరారు. వారి పేరు మీదుగానే కామాఠీపుర వెలసింది. వారి వెనుక పద్మశాలి నేతగాళ్ళు పోయి దాదర్, పరేల్, వర్లీ ప్రాంతాల బట్టల మిల్లులలో కార్మికులుగా చేరి, ఒక్క గది ఇళ్ళ చాల్స్‌లో కాపురాలు పెట్టారు. 1982 జనవరి 18న ఆరంభమైన మహా సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు పాల్గొన్నారు. దాని తరువాత ఆ మిల్లులు అనేకం తిరిగి కోలుకోలేదు. ఒకే భాష మాట్లాడే జనం, ఒకే పత్తి మీద ఆధారపడి, ఒకచోట మిల్లు యజమానులుగాను మరొకచోట మిల్లు కూలీలుగాను జీవించారు. కరివర్ధన్ జీవితాన్ని తూచేటప్పుడు ఈ వ్యత్యాసాన్ని మరువరాదు. ఆయన పుట్టింది యజమానుల వైపు. కారు పందెం ఖర్చు ఆయనకు భరించరానిదేమీ కాదు. అయినా ఆ ఖర్చును తగ్గించడమే ఆయన చేసిన పనులలో ముఖ్యమైనదిగా నిలిచింది.

లేత్ మిషన్ల ఊరు

కోయంబత్తూరులో పుట్టడం కరివర్ధన్‌కు కలిసివచ్చింది. మిల్లులున్న ఊరిలో మిల్లు యంత్రాలు చెడిపోతాయి. వాటిని బాగుచేయడానికి లేత్ మిషన్లు, పోత పోసే ఫౌండ్రీలు, వెల్డింగ్ షెడ్లు వెలుస్తాయి. ఆ షెడ్లే మోటారు పంపుసెట్లను తయారుచేశాయి. మన పల్లెల బావులలోనూ బోర్లలోనూ పనిచేసిన పంపుసెట్లు ఎన్నో కోయంబత్తూరు నుండి వచ్చినవే. ఏ ఇనుప వస్తువు కావాలన్నా చూపిస్తే చేసి ఇచ్చే పనివారు ఆ ఊరిలో ఉండేవారు.

యంత్రాన్ని విప్పి చూసి నేర్చుకునే అలవాటుకు అదే ఊరిలో పెద్ద ఆదర్శం ఒకటి ఉంది. తెలుగువారైన జి.డి. నాయుడు 1893లో కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. యువకుడిగా ఒక ఆంగ్లేయ అధికారి నుండి మోటారు సైకిల్ కొని, దాన్ని భాగాలుగా విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. పత్తి వ్యాపారంలో గడించిన సొమ్ముతో బొంబాయికి పోయి, అక్కడి ఉద్దండ వ్యాపారుల ముందు నిలువలేక చేతులు కాల్చుకొని తిరిగివచ్చారు. అటుపిమ్మట 1920లో ఒక మోటారు బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపి, దాన్ని పెద్ద రవాణా సంస్థగా పెంచారు. 1974 జనవరి 4న ఆయన కన్నుమూసేనాటికి కరివర్ధన్‌కు ఇరవై ఏళ్ళు నిండవచ్చాయి. బడిలో చెప్పని యంత్రవిద్యను షెడ్డులో నేర్చుకోవచ్చునన్న నమ్మకం ఆ ఊరి గాలిలోనే ఉండేది.

షోలవరంలో రెండు రకాల కార్లు

మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. ఆ క్లబ్బు నిర్వహణలో షోలవరం పందేలు దేశమంతటా పేరుపొందాయి. కలకత్తా, బొంబాయి, బెంగుళూరు, కోయంబత్తూరు నగరాల నుండి పోటీదారులు వచ్చేవారు. కరివర్ధన్ యౌవనంలో ఈ మైదానంలోనే తన సత్తా చాటి, ఆ తరం భారతీయ పందెపు చోదకులలో మేటిగా పేరు తెచ్చుకున్నారు.

ఆ రోజులలో షోలవరంలో రెండు రకాల కార్లు కనిపించేవి. మొదటి రకం విదేశాల నుండి ఓడలలో దిగినవి. గోండల్ సంస్థానాధీశుని వంటి రాజవంశీకులు, పెద్ద పారిశ్రామికవేత్తలు వాటిని నడిపేవారు. 1980ల ఆరంభంలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారును అక్కడ నడిపారు. ఇటువంటి కారుకు ఒక చిన్న భాగం విరిగినా విదేశం నుండి తెప్పించుకోవలసిందే. దిగుమతుల మీద కఠినమైన ఆంక్షలున్న కాలంలో అది అందరి వల్ల అయ్యే పని కాదు.

రెండవ రకం మన వీధులలో తిరిగే కార్లే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, కలకత్తా సమీపంలోని ఉత్తరపాడలో తయారైన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్ వాటిలో ముఖ్యమైనవి. దాదర్ స్టేషనులో లోకల్ రైలెక్కితే మాతుంగా, సయాన్ దాటగానే కుర్లా వస్తుంది. దాదర్ తెలుగు చాల్స్‌లోని మిల్లు కార్మికులకు ఆ ఫియట్ కారు నల్ల పసుపు రంగుల టాక్సీ రూపంలో నిత్యం కళ్ళ ముందే తిరిగేది. తరువాతి కాలంలో ప్రీమియర్ పద్మిని అన్న పేరు పొందిన ఆ బండి, టాక్సీగా తన చివరి ప్రయాణాన్ని 2023 అక్టోబరులో ముగించింది. టాక్సీగా తిరిగిన ఆ జాతి కారే, మెకానిక్ చేతి పని తోడైతే, షోలవరంలో పందెపు కారయ్యేది.

పాత కారును పందేనికి సిద్ధం చేయడం

ఫియట్ ఇంజన్ సామర్థ్యం 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. నలుగురిని కూర్చోబెట్టుకొని మెల్లగా పోవడానికి చేసిన బండి అది. దాన్ని పందేనికి దించాలంటే ముందుగా బరువు తగ్గించాలి. వెనుక సీట్లు, లోపలి అట్టలు, తివాచీలు, అక్కరలేని ఇనుము తీసివేస్తారు. కారు బోల్తాపడినా పైకప్పు నలిగి చోదకుని మీద పడకుండా లోపల ఉక్కు గొట్టాలతో పంజరం వెల్డింగ్ చేస్తారు.

ఆ తరువాత ఇంజన్ పని. సిలిండర్ హెడ్‌ను లేత్ మిషను మీద కొద్దిగా చెక్కితే పెట్రోలు గాలి మిశ్రమం మండే గది చిన్నదవుతుంది. మిశ్రమం మరింత ఒత్తిడికి లోనై, ఎక్కువ శక్తి వస్తుంది. గాలి లోపలికి పోయే దారులను నునుపు చేస్తారు. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకొని ఉండేటట్లు క్యామ్ షాఫ్ట్‌ను మారుస్తారు. పిస్టన్లన్నీ ఒకే తూకం ఉండేలా గ్రాముల లెక్కన సరిచూస్తారు. తూకం తప్పిన పిస్టన్ అతివేగంలో ఇంజన్‌నే పగలగొట్టగలదు. స్ప్రింగులను కురచ చేసి, బండిని నేలకు దించి, మలుపులలో ఒరగకుండా చూస్తారు.

కొత్త కారుకు లేని కష్టం పాత కారుకు ఒకటుంది. ఏళ్ళ తరబడి గతుకుల మీద తిరిగిన ఇనుము లోలోపల అలసిపోతుంది. కంటికి కనపడని వెంట్రుకవాసి పగులు, పందెపు వేగంలో బ్రేకు వేసిన క్షణాన తెగిపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ముందు చక్రాలను మోసే భాగాలను విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, తుడిచి, పైన సుద్దపొడి పూసేవారు. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ మెల్లగా బయటికి వచ్చి, తెల్లని సుద్ద మీద సన్నని గీతగా కనిపిస్తుంది. ఆ గీత కనిపించిన భాగాన్ని ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టవలసిందే. పందెం ముగిసిన తరువాత స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి రంగు చూస్తారు. లేత గోధుమ రంగు ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా మసి పట్టితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా మాడితే పెట్రోలు చాలక వేడెక్కినట్టు గుర్తు. ట్రాక్టరును, పంపుసెట్టును సొంతంగా బాగుచేసుకునే మన రైతులకు ఈ విద్యలో కొంత పరిచయమైనదే.

ఈ పాత కార్లన్నిటిలో ఇంజన్ ముందు ఉండి, శక్తి వెనుక చక్రాలకు పోతుంది. మలుపులో వేగం మితిమీరినా, ఉన్నట్టుండి యాక్సిలేటర్ గట్టిగా తొక్కినా వెనుక చక్రాలు పట్టు తప్పి బండి తోక పక్కకు జారుతుంది. అప్పుడు నేర్పరి అయిన చోదకుడు స్టీరింగును జారుతున్న వైపుకే తిప్పి, యాక్సిలేటరును తూకంగా తొక్కి, ఆ జారుడును అదుపులో ఉంచుకుంటాడు. జపాన్ యువకులు 1970లలో కొండదారుల మీద ఈ జారుడునే ఒక కళగా పెంచారు. నేడు దాన్ని డ్రిఫ్టింగ్ పేరుతో ప్రత్యేక క్రీడగా ఆడుతున్నారు. షోలవరం పందేలలో జారుడుకు మార్కులు లేవు. గెలుపు ఓటములు సమయం మీదనే ఆధారపడి ఉండేవి. అయినా జారిన బండిని నిలబెట్టుకోవడం తెలియని చోదకుడు అక్కడ రెండు మలుపులు కూడా సురక్షితంగా దాటలేడు.

మారుతి గుండెతో పందెపు కారు

షోలవరంలో కనిపించిన ఈ రెండు రకాల కార్లలో దేనితోనూ కొత్తవారికి సరైన శిక్షణ దొరకలేదు. విదేశీ కారు అందని ద్రాక్ష. వీధి కారును పందెపు కారుగా మార్చుకున్నా, ఎవరి మెకానిక్ గొప్పవాడైతే వాడిదే గెలుపు. ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే వారిదే ముందంజ. చోదకుని నేర్పు ఎంతో, కారు గొప్ప ఎంతో తేల్చి చెప్పడం కష్టమయ్యేది. ప్రపంచ స్థాయి పందేలలో నడిపేవి నాలుగు చక్రాలూ బయటికి కనిపించే ఒంటి సీటు కార్లు. వాటి మీద చేయి తిరగని భారతీయ యువకుడు విదేశానికి పోయి పోటీపడడం వట్టి కల.

ఈ చిక్కుముడికి విడుపు కరివర్ధన్‌కు 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కారులో దొరికింది. ఆ కారు ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, సుమారు 40 హార్స్‌పవర్‌కు కాస్త తక్కువ శక్తి. పందేనికి అది చాలా చిన్న ఇంజన్ అనిపిస్తుంది. కానీ అది తేలికైనది, నమ్మకమైనది, అన్నిటికీ మించి దేశమంతటా దొరికేది. విడి భాగాల కోసం ఓడల వైపు చూడనక్కరలేదు. పట్టణంలోని దుకాణంలో కొనుక్కోవచ్చు.

కరివర్ధన్ 1980ల చివరి సంవత్సరాలలో ఈ ఇంజన్ ఆధారంగా ఫార్ములా మారుతి అన్న ఒంటి సీటు పందెపు కారును రూపొందించారు. దాని వెనుక ఉన్న ఉపాయం సరళమైనది. మారుతి 800లో ఇంజను, గేర్‌బాక్సు రెండూ ఒకే ముద్దగా ముందు భాగంలో అడ్డంగా అమర్చి ఉంటాయి, శక్తి ముందు చక్రాలకు పోతుంది. ఆ ముద్దను ఉన్నదున్నట్టుగా తీసి చోదకుని వీపు వెనుక బిగిస్తే, అదే శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. ముందు భాగం ఖాళీ అయి చోదకుడు కాళ్ళు చాపుకొని నేలకు ఆనినట్టు కూర్చోవచ్చు. ప్రపంచ ప్రసిద్ధ పందెపు కార్ల అమరిక కూడా ఇంజన్ వెనుక ఉండేదే. ఉక్కు గొట్టాల చట్రం, పైన తేలికైన ఫైబర్ తొడుగు వేస్తే కారు సిద్ధం. గొట్టాలు వెల్డింగ్ చేసే పనివారు, అచ్చులు పోసేవారు కోయంబత్తూరులో అడుగడుగునా ఉన్నారు.

బరువు బాగా తగ్గడంతో ఆ చిన్న ఇంజనే చాలినంత వేగం ఇచ్చింది. దానికంటే ముఖ్యమైన ఫలితం ఇంకొకటి ఉంది. పోటీలోని కార్లన్నీ ఒకే ఇంజనుతో, ఒకే చట్రంతో, ఒకే నియమాలతో తయారైనప్పుడు డబ్బు తేడా చాలావరకు చెరిగిపోతుంది. ముందు వచ్చినవాడు తన నేర్పుతో వచ్చాడని ఒప్పుకోక తప్పదు. కారు విరిగినా బాగుచేయడానికి ఆస్తులు అమ్ముకోనక్కరలేదు. భారతదేశంలో చవక పందేలకు ఆద్యుడిగా కరివర్ధన్‌ను ఈనాటికీ స్మరించుకోవడానికి ఇదే కారణం.

శిష్యుల తరం

పాత రన్‌వే మీద పందేలకు కాలం తీరింది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ప్రత్యేక పందెపు బాటను నిర్మించింది. 1990లో అది ప్రారంభమైంది. విమానాల కోసం వేసిన నేల కాక, కార్ల కోసమే వేసిన మలుపుల బాట దక్షిణాదికి తొలిసారిగా దక్కింది. ఫార్ములా మారుతి కార్లు ఆ బాట మీద ఒక తరం యువకులకు ఓనమాలు నేర్పాయి.

వారిలో ఒకరు నరైన్ కార్తికేయన్. కోయంబత్తూరు తెలుగు కుటుంబానికే చెందిన ఆయన 1977 జనవరి 14న జన్మించారు. ఆయన తండ్రి జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని ఏడు పర్యాయాలు గెలిచిన ప్రసిద్ధుడు. కరివర్ధన్ వారికి బంధువు. నరైన్ తన మొదటి పోటీని శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతి కారుతోనే ఆరంభించి, ఆ తొలి పోటీలోనే మొదటి ముగ్గురిలో నిలిచారు. అటుపిమ్మట ఫ్రాన్సులోను, ఇంగ్లాండులోను శిక్షణ పొంది, 1994లో బ్రిటన్‌లో జరిగిన ఫార్ములా ఫోర్డ్ శీతాకాల పోటీలలో విజేతగా నిలిచారు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున బరిలో దిగి, ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యారు. అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో టైర్ల వివాదం వలన ఆరు కార్లే పరుగు తీసిన పోటీలో నాలుగవ స్థానం పొంది, ఐదు పాయింట్లు సాధించారు.

ఆ దృశ్యాన్ని చూసే భాగ్యం కరివర్ధన్‌కు దక్కలేదు.

నింగిలో ముగిసిన జీవితం

నేల మీద వేగంతో తృప్తిపడే స్వభావం కరివర్ధన్‌ది కాదు. ఆకాశయానం మీద కూడా ఆయనకు అంతే మక్కువ ఉండేది. పందెపు కార్లలో తేలికదనం కోసం వెదికిన మనిషికి గాలిలో తేలే యంత్రాల మీద ఆసక్తి కలగడం సహజమే. మిల్లు వ్యాపారం, కార్ల నిర్మాణం, విమానయానం మూడింటి మధ్య ఆయన కాలం గడిచేది. 1995 ఆగస్టు 24న కోయంబత్తూరులో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. అప్పటికి నరైన్ వయస్సు 18 ఏళ్ళు. ఫార్ములా మారుతి నేర్పిన తరం ఇంకా పూర్తిగా ఎదిగిరాలేదు. దేశీయ పందేలకు దారి చూపే పెద్దదిక్కు అర్ధాంతరంగా తొలగిపోయింది.

వేగాన్ని ప్రేమించినవారి కుటుంబాలు భరించవలసిన భయం ఎటువంటిదో ఈ మరణం చాటుతుంది. పందెపు మైదానంలో ప్రమాదాన్ని తగ్గించడానికి ఎన్నో ఏర్పాట్లు ఉంటాయి. ఉక్కు పంజరం, నిప్పంటుకోని దుస్తులు, శిరస్త్రాణం, నడుమును భుజాలను బిగించే పట్టీలు, బాట పక్కన అంబులెన్సు, మంటలార్పే మనుషులు సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ ఉన్నా ప్రమాదం పూర్తిగా పోదు. ఇవేవీ లేకుండా రాత్రివేళ జాతీయ రహదారి మీద మోటారు సైకిళ్ళతో పందెం కాసే కుర్రవాళ్ళది ధైర్యం అనిపించుకోదు. తడ నుండి చెన్నై వరకు ఆరు వరుసల దారిలో లారీల మధ్య ఈ ఆటలు ఆడి ప్రాణాలు పోగొట్టుకోవాలని ఏ తల్లీ కోరుకోదు. కరివర్ధన్ తరం వారు పందేన్ని రహదారి మీద నుండి తప్పించి, ప్రత్యేకమైన బాటకు చేర్చడానికే ధనాన్ని, కాలాన్ని వెచ్చించింది.

నిలిచిన పేరు, మిగిలిన పని

ఆయన మరణించిన కొన్నేళ్ళకు, 2000ల ఆరంభంలో, కోయంబత్తూరు సమీపాన చెట్టిపాళయంలో సుమారు 2.1 కిలోమీటర్ల పందెపు బాట సిద్ధమైంది. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. దేశవ్యాప్తంగా పేరుపొందిన పోటీలకు అది కేంద్రమైంది. ఆయన చూపిన దారిలోనే, అదే ఊరికి చెందిన ఎల్.జి.బి. సంస్థ ఆదరణతో మారుతి సుజుకి ఇంజన్లు అమర్చిన చవక ఒంటి సీటు కార్లు వచ్చాయి. ఫార్ములా ఎల్.జి.బి. పేరుతో అవి కొత్త తరాలకు శిక్షణ ఇచ్చాయి. దేశంలో దొరికే ఇంజన్‌తో, ఊరిలోని షెడ్డులోనే పందెపు కారు తయారుచేయవచ్చునన్న ఆయన ఆలోచన ఆయనతో అంతరించలేదు.

అయితే ఆయన తలపెట్టిన పని సంపూర్ణమైందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. చవక అన్నది కూడా పోలిక మీద ఆధారపడిన మాట. విదేశీ కారుతో పోలిస్తే ఫార్ములా మారుతి ఎంతో చవక. కామాఠీపుర ఇరుకు సందులలోనో, దాదర్ మిల్లు కార్మికుల చాల్‌లోనో పెరిగిన కుర్రవాడికి, మన సరిహద్దు పల్లెలలో ట్రాక్టర్ మెకానిక్ దగ్గర పనిచేసే బాలుడికి అదీ అందనంత దూరమే. ఫార్ములా వన్ దాకా పోయిన నరైన్ కూడా సంపన్న కుటుంబం నుండి వచ్చినవారే. కరివర్ధన్ మెట్లు కట్టారు. కింది మెట్టు మాత్రం ఇప్పటికీ నేలకు చాలా ఎత్తులోనే ఉంది.

అయినా ఆయన చేసిన పని విలువ తగ్గదు. పందెంలో గెలిచిన ధనవంతులు దేశంలో చాలామంది ఉన్నారు. గెలిచిన తరువాత, తమకంటే తక్కువ సొమ్ముతో మరొకరు పోటీకి రావడానికి వీలైన బండిని తయారుచేసి ఇచ్చినవారు అరుదు. పోటీకి ఎక్కువమంది వస్తే తన గెలుపు కష్టమవుతుందని ఆయన వెనుకాడలేదు. ఎక్కువమంది వస్తేనే క్రీడ బ్రతుకుతుందని గ్రహించారు.

షోలవరం మీదుగా పోయే బస్సులలో మన వాళ్ళు ఈనాటికీ ప్రయాణిస్తూనే ఉన్నారు. ఆ రన్‌వే మీద ఇప్పుడు పందెపు కార్ల హోరు లేదు. ఆ ఊరి పేరు చెవిన పడినప్పుడు, ఇంట తెలుగు మాట్లాడుతూ కోయంబత్తూరు షెడ్లలో పందెపు కార్లు చేసిన కరివర్ధన్‌ను పెద్దలు పిల్లలకు పరిచయం చేయాలి. స్పానర్ పట్టి పాత ఇంజన్‌ను విప్పే పిల్లవాడిని చేతులు మసి చేసుకున్నాడని మందలించే ముందు, ఆ మసిలో కూడా ఒక విద్య ఉందని ఇంటివారు గుర్తిస్తే మేలు.